బద్వేలినుండి బదరికి: ఇంటిబండిలో పొయ్యి

బద్వేలినుండి యొక స్త్రీ చలికాచుకొను పొయ్యిని గూర్చి వ్రాయుచున్నదనిన మీలో కొందఱికి నవ్వు రావచ్చును. మాది కడప జిల్లాలో ఈశాన్యపు మూల. ఒకవంక లంకమల, మఱియొకవంక వెలికొండలు, నడుమ సగిలేటి లోయ. ఆ లోయలో పెద్దచెఱువు కలిగిన యూరు మాది. వైశాఖము వచ్చెనా, పగలు 40 డిగ్రీలు దాటిన యెండ. రాత్రి రెండవజాము గడచినను మిద్దె సెగలు గ్రక్కుట మానదు. తొట్టిలోని నీరు స్నానమునకు కాచినట్లే యుండును. చలికాలమున మాకొక దుప్పటి చాలును, ముసలివారికి రెండు.

ఇట్టి యూరిలో నిప్పు పెట్టి గదిని వెచ్చచేయు నాచారము ఒక్కచోటనే కలదు. అది బాలింతరాలి గది. మంచముక్రింద బొగ్గుల కుంపటి నుంచి, తలుపు చేరవేసి, కిటికీ సందులలో పాతగుడ్డలు క్రుక్కి, తల్లిని బిడ్డను చలిగాలి సోకకుండ కాపాడితిమని మనము తృప్తి పొందుదుము. ఈ కుంపటిని కొంచెము జ్ఞాపకమున నుంచుకొనుడు. బదరికి పోయి తిరిగి దానియొద్దకే రావలసియున్నది.

మా యత్తగారికి డెబ్బది రెండేండ్లు. బదరీనారాయణుని దర్శింపవలెనని ముప్పది యేండ్లుగా కోరుచుండెను. గడచిన వేసవిలో మావారికి బడి సెలవులు రాగానే ప్రయాణము నిశ్చయమయ్యెను. అత్తగారు, ఆమె చెల్లెలైన చిన్నత్త, బావగారు, తోడికోడలు, మేమిద్దఱము, పిల్లలు నలుగురు. అత్తగారు హోటలుకూడు ముట్టరు. కావున వంటతోకూడ పోవు బండి కావలసి వచ్చెను. కాశీయాత్రకు త్రిప్పెడు పెద్ద వ్యాను ఒకటి బాడుగకు కుదిరినది. దాని యజమాని వెనుక సీట్లు తీయించి, రేకుతో ఒక తిన్నె కట్టించి, దానిపై రెండు బర్నర్ల స్టవ్వును బిగించియుండెను. మిగిలిన సీట్లు వాల్చినచో పడకలగును. పాశ్చాత్యదేశములలో ఇట్టివానిని క్యాంపరు వ్యాను లందురట. మా పిల్లలు దీనికి ఇంటిబండి యని పేరు పెట్టిరి.

బయలుదేఱుటకు మూడుదినములు ముందుగా సామానులు సర్దుటకై నేను బండి యెక్కి తిన్నెక్రింద వంగి చూచితిని. ఇంటివాడుకకిచ్చెడు 14.2 కిలోల యెఱ్ఱని సిలిండరు, నిలువుగా పట్టనందున అడ్డముగా పండబెట్టబడియున్నది. దానినుండి స్టవ్వువఱకు బారెడు రబ్బరు గొట్టము, బీటలు వారి, కొసలయందు కట్టుతీగతో చుట్టబడియున్నది. చుట్టును రేకుపెట్టె, గాలి పోవుటకు చీమంత సందు లేదు. నేను డ్రైవరు నడిగితిని. "ఏం గాదులేమ్మా, రెండేండ్ల నుంచి ఇట్లనే తిరుగుతాండాం" అనెను. రెండేండ్లు ఏమియు కాలేదనుట అతనికి ధైర్యము కలిగించినది. నాకు మాత్రము రాత్రి నిద్ర పట్టలేదు.

మఱునాడు ఉదయమున, మా వీథికి సిలిండరులు తెచ్చెడు కుఱ్ఱవానిని పిలిచి బండిని చూపితిని. అతడు పెద్దగా చదువుకొన్నవాడు కాడు. అయినను ఆ దినమున నాకు గురువైనది అతడే. చూడగానే తలపై చేయి పెట్టుకొని, "అక్కా, బండను పండబెడితే లోపలినుంచి గాలి రాదు, నీళ్లే వస్తాయి" అనెను. అతడు నీళ్లనినది ద్రవరూపమున నున్న గ్యాసును. సిలిండరు నిలువుగా నున్నప్పుడు ద్రవము అడుగున నిలిచి, పైన పట్టిన ఆవిరి మాత్రమే మూతిగుండ బయటికి వచ్చును. పండబెట్టినచో ద్రవమే గొట్టములోనికి దిగును. అది బయటపడి ఆవిరియైనప్పుడు సుమారు 250 రెట్లు ఉబ్బును. స్టవ్వులో అరచేతియెత్తు లేవవలసిన మంట నిలువెత్తు లేచును. ఇది విన్న తరువాత డ్రైవరు కూడ నోరు మెదపలేదు.

ఇంటివాడుక సిలిండరును ఇంటివంటకు గాక వేఱుపనికి వాడుట చట్టవిరుద్ధము కూడ. దానిని యజమానికే త్రిప్పి పంపి, గుర్తింపు కార్డు చూపి 5 కిలోల చిన్న సిలిండరులు రెండు, వానికి తగిన రెగ్యులేటరు కొంటిమి. సిలిండరు కంఠమునొద్దనున్న పట్టీలలో ఒకదాని లోపలివైపున ఇంగ్లీషు అక్షరమొకటి, రెండంకెలు వ్రాసియుండును. ఏ అనిన జనవరి మొదలు మార్చి. బి, సి, డి అక్షరములు వరుసగా తక్కిన మూడేసి నెలలు. అంకెలు సంవత్సరమును దెలుపును. ఆ గడువునకు దానిని మరల పరీక్షింపవలయును. గడువు తీఱిన సిలిండరును తీసికొనరాదు. ఇన్నేండ్లుగా నా వంటయింటికి వచ్చిన సిలిండరులపై ఈ వ్రాత నా కన్నుల యెదుటనే యున్నను, దానిని చదువుట నేనెఱుగను. అమరకోశము వల్లించిన కన్నులకు ఈ మూడక్షరములు కనబడకపోయెను!

ఇక బిగించు విధము. మూతి తెఱచి లోపలనున్న రబ్బరు వాషరు ఉన్నదా, పగులలేదా యని చూడవలెను. రెగ్యులేటరు మీట ఆఱ్పిన స్థితిలోనే యుంచి, మూతిపై నిలువుగా నొక్కినప్పుడు టక్కుమని శబ్దము వచ్చి కూర్చుండవలెను. సిలిండరులోని యొత్తిడిలో నూఱవవంతుకంటెను తక్కువ యొత్తిడితో గ్యాసును స్టవ్వునకు పంపుట ఈ రెగ్యులేటరు పని. కావున నడుమ అది లేక ఏ పనిముట్టును సిలిండరునకు తగిలింపరాదు. గొట్టము నారింజరంగుది, లోపల ఇనుపతీగ యల్లిక గలది, ఐ.ఎస్.ఐ. ముద్ర గలది కావలెను. మీటరున్నరకు మించి పొడవుండరాదు. 5 ఏండ్లకొకసారి మార్చవలెను. గొట్టపు కొసను నాజిలుపైకి తుదవఱకు త్రోసి క్లిప్పు బిగించి, సబ్బునీటిని నురుగు చేసి ప్రతి యతుకుపైన పూయవలెను. బుడగ లేచినచో గ్యాసు కారుచున్నదని యర్థము. అగ్గిపుల్ల గీసి చూచువారు నేటికిని కలరని ఆ కుఱ్ఱవాడు చెప్పినప్పుడు నా తోడికోడలు తల వంచుకొనెను. ఆమె యెన్నోసారులు అట్లే చూచినదట.

కాని నన్ను ఆలోచింపజేసినది గ్యాసు బరువు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కట్టెపొగవలె మీదికి పోదు. నీటివలె పల్లమును వెదకుకొనుచు నేలపై ప్రాకును. ఇంటిలోనైన తలుపు సందున వెడలిపోవును. బండికి నాలుగువైపుల రేకు, అడుగున రేకు. కారిన గ్యాసు తొట్టిలో నీరువలె నిలిచియుండును. తలవఱకు వాసన రాకమునుపే పాదములచుట్టు నిండియుండవచ్చును. గాలిలో నూటికి రెండుపాళ్లు గ్యాసు చేరినచో ఒక్క నిప్పురవ్వ చాలును. కావున బద్వేలిలోనే ఒక వెల్డింగు అంగడిలో క్రొత్తపెట్టె చేయించితిమి. అది బండి వెనుక తలుపునొద్ద, వెలుపలినుండియే తెఱచునట్లుండును. లోపలివైపు సందు లేదు. అడుగున అరచేయి పట్టునంత రంధ్రము నేరుగా రోడ్డుమీదికి. సిలిండరులు నిలువుగా నిలిచి, పటకాలతో బిగింపబడినవి. బండి కదలు ప్రతిసారి రెగ్యులేటరు ఊడదీసి మూతిపై టోపీ పెట్టవలెనని కట్టుబాటు చేసితిని. స్టవ్వును కూడ తిన్నెపైనుండి విప్పించితిని. ఎచ్చట ఆగిన అచ్చట క్రింద దింపి వండుటకు. బావగారు, "ఇంతకన్న మూడు రాళ్లు పెట్టుకోవడం మేలు కదా!" అనిరి. అది నిజమే. మాయత్తగారు ఆ మాటకు మిక్కిలి సంతసించిరి.

ప్రయాణికుల బండిలో సిలిండరును మోయుటకు షరతులు కలవు. బయలుదేఱుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుకొనుట మేలు. రైలులోనైన అది పూర్తిగ నిషిద్ధము. రైల్వే చట్టము 164వ సెక్షను ననుసరించి మూడేండ్లవఱకు ఖైదో, 1,000 రూపాయలవఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. జరిమానా స్వల్పమేకదా యనుకొనువారు 2023 ఆగస్టు 26వ తేదీని తలంచుకొనవలెను. లక్నోనుండి యాత్రికులతో వచ్చి మదురైకడ నిలిపియున్న రైలుపెట్టెలో, తెల్లవాఱుజామున, దొంగచాటుగా తెచ్చిన సిలిండరువలన నిప్పంటుకొని తొమ్మిదిమంది మరణించిరి. వారును మావలెనే యాత్రకు వచ్చినవారు. మావలెనే బయటికూడు తినలేక పొయ్యి వెంటబెట్టుకొని వచ్చినవారు.

దారిని గూర్చి ఎక్కువ వ్రాయను. మైదుకూరు దాటి, దువ్వూరు మీదుగా నంద్యాల, కర్నూలు చేరి, తుంగభద్రను దాటితిమి. దువ్వూరు కడ మావారు పిల్లలకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కథ చెప్పిరి. ఆయన 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, ఈ దారినే కడప, దువ్వూరు మీదుగ సాగి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి గాని తిరిగి యిల్లు చేరలేదు. పరివారమంతయు దిగి పొయ్యిలు పెట్టుకొనిన చోట్లను ఆయన వ్రాసికొనిరి. మేమును చింతచెట్ల నీడలను వెదకుకొనుచు పోతిమి. రాగిసంగటి, ఊరిబిండి, చాఱు. దినమునకు సుమారు అరకిలో గ్యాసు పట్టెను. గాలి విసరినచోట మంటకు రేకు అడ్డము పెట్టితిమి గాని, ఆ రేకును సిలిండరు చుట్టు త్రిప్పనీయలేదు. హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశి. కాశిలో మూడు దినములుండి హరిద్వారమునకు పోతిమి. అంతవఱకు చలి మాట యెవరును ఎత్తలేదు, ఎండయే.

హృషీకేశమున డ్రైవరు మమ్ము ఒక అంగడికి తీసికొనిపోయెను. పైన రాత్రిపూట ఒక్కొకప్పుడు మంచు పడుననియు, ముసలమ్మలకు హీటరు కొనుట మంచిదనియు అతని సలహా. అందు చెడ్డయుద్దేశ మేమియు లేదు. అంగడివాడు చూపినది సిలిండరు తలపైననే బిగించు పళ్లెమువంటి పరికరము; మండించినచో జాలి యెఱ్ఱగా కాలి ఎదుటివారికి సెగ తగులును. వెల చౌక. అత్తగారి ముఖము వికసించెను. నాకు దానిని చూడగానే ఏదో శంక. అమెరికాలో డల్లాసున కాపురమున్న మా యాడుబిడ్డకు ఫోను చేసితిని. వారు సెలవులలో ఇట్టి ఇంటిబండిని బాడుగకు తీసికొని యెల్లోస్టోను మొదలగు కొండప్రదేశములకు పోవుట కలదు.

ఆమె చెప్పినది విని నేను అంగడిలోనే కాగితముపై వ్రాసికొంటిని. వారి బండిలో గ్యాసు గొట్టములు రాగివి, గోడకు బిగింపబడినవి. సిలిండరునొద్ద మాత్రమే చిన్న మెత్తని గొట్టము. వంటపొయ్యికి, నీరు కాచు పాత్రకు, హీటరునకు వేర్వేఱు మరలుండును. ఒకదానిని ఆఱ్పినను తక్కినవి పనిచేయును. హీటరు ఇనుపపెట్టెలో మూసియుండును. మంటకు కావలసిన గాలి బండి వెలుపలినుండి గొట్టముద్వారా వచ్చును. కాలిన పొగ మఱియొక గొట్టముద్వారా వెలుపలికే పోవును. ఆ పెట్టె వీపును తాకి వేడెక్కిన మంచిగాలిని మాత్రమే ఫంకా లోపలికి విసరును. "వదినా, దాని ముక్కూ నోరూ బయటే ఉంటాయి, మనకు వచ్చేది ఒంటి వెచ్చన మాత్రమే" అని ఆమె నవ్వెను. జర్మనీలోని ట్రూమా కంపెనీవారు గ్యాసుతో పనిచేయు నిట్టివానిని చేయుదురు. వెబాస్టోవంటివారు డీజిలుతో పనిచేయువానిని చేయుదురు. డీజిలైనను సూత్రమొక్కటే. అవిగాక వారి బండిలో రెండు హెచ్చరిక గంటలుండునట: నేలకు దగ్గఱగా నొకటి, కారిన గ్యాసునకు, నిదురించుచోట నొకటి, కాలిన విషమునకు. "అంగట్లో చూపించేదానికి ముక్కెక్కడుందో అడుగు వదినా" అనెను.

దాని ముక్కు మా ముక్కుల ప్రక్కనే యుండును. మేము పీల్చు గాలినే అదియు పీల్చి, విడిచినది మాకే యిచ్చును. ఆరుబయట కూర్చుండి చేతులు కాచుకొనుటకు అది బాగుగానే యుండవచ్చును; మూసిన బండిలో నిదురించువారికి కాదు. కొనకుండ వచ్చితిమి. సరియైన హీటరును బిగించుటకు అక్కడ పనివారును లేరు, మాకు డబ్బును లేదు. అత్తగారు దేవప్రయాగవఱకు నాతో మాటాడలేదు.

హృషీకేశమునుండి బదరికి 300 కిలోమీటర్లకు కొంచెము తక్కువ. దేవప్రయాగకడ భాగీరథి, అలకనందలు కలియుచోటు చూచి అత్తగారి మౌనము కరగెను. రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, విష్ణుప్రయాగ. ఒక్కొక ప్రయాగకు ఒక్కొక దుప్పటి తీయవలసివచ్చెను. బదరి సముద్రమట్టమునకు 10,000 అడుగులు దాటిన యెత్తున నున్నది. మేము చేరునప్పటికి సాయంకాలము; సన్నని వాన, వానతో మంచుపలుకులు. యాత్రికులు క్రిక్కిఱిసియుండిరి. సత్రములలో మగవారికి కొంత చోటు దొరకినది గాని, అందఱము విడిపోవుట ఇష్టములేక బండిలోనే రాత్రి గడపుటకు నిశ్చయించితిమి.

మొదట వంట. రాత్రి చలికి సిలిండరు తాకినచో వ్రేళ్లు కొంకర్లు పోవుచుండెను, మంట చిన్నదయ్యెను. మన వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేను అను రెంటి మిశ్రమము. ప్రొపేను సున్నకు 42 డిగ్రీలు దిగువకు పోయినగాని ఆవిరియగుట మానదు. బ్యూటేను సున్న దగ్గఱనే మొరాయించును. శీతలదేశపు బండ్లలో ప్రొపేనును వాడుట అందుకే. సిలిండరుక్రింద కాగడా పెట్టుదునని డ్రైవరు లేచెను; వలదని వారించి సగమైన రెండవ సిలిండరు మార్చితిమి. ఆ యెత్తున నీరు 90 డిగ్రీలకే మరగును గనుక అన్నము పలుకుగానే నిలిచిపోవును. కుక్కరుండుట మా యదృష్టము.

పది గంటలకు చలి ఎముకలు పట్టుకొనెను. అత్తగారు వణకుచు, "అమ్మాయ్, మోకాళ్లు రాళ్లైపోయినాయి. ఆ పొయ్యి లోపల పెట్టి సన్నగా అంటించండే" అనిరి. తోడికోడలు సరేయనెను. డ్రైవరు స్టవ్వు ఎత్తుకొని వచ్చెను. మావారు నా ముఖము చూచిరి. అవునన లేదు, కాదన లేదు. నేను తలుపునకు అడ్డముగ నిలుచుంటిని.

నా లెక్క యిది. ఒక కిలో గ్యాసు చక్కగా కాలుటకు 12, 13 ఘనమీటర్ల గాలి కావలయును. మా బండిలోపలి చోటంతయు కొలిచినను అంతే. సన్నమంటపై పెట్టినను తెల్లవాఱునప్పటికి కిలోలో మూడవవంతు కాలును. అనగా లోపలి ప్రాణవాయువులో మూడవవంతు దానికే పోవును. ఆ కొండపై గాలి యసలే పలుచన, మన యూరి గాలిలో పదింట ఏడుపాళ్లే. మిగిలినది పదిమంది పీల్చవలెను. పైగా కిలో గ్యాసు కాలినచో కిలోన్నరకు మించిన నీరు ఆవిరియై పుట్టి, చల్లని రేకుపై చెమర్చి మాపైననే కారును. వీనికంటె ఘోరమైనది మఱియొకటి కలదు. గాలి చాలని మంట నీలిరంగు విడిచి పసుపుపచ్చనగును. అప్పుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. పచ్చి గ్యాసునకు సహజముగా వాసన లేకున్నను, కారినప్పుడు తెలియుటకై దుర్గంధద్రవ్యమును కలుపుదురు. కాలిన విషమునకు వాసన కలుపువారు లేరు. రంగు లేదు, పొగ లేదు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన మోహముతో దీనిని పట్టుకొనును. తలనొప్పి, వికారము, నిద్ర. నిద్రలో నున్నవానికి మొదటి రెండును కూడ తెలియవు. 2020 జనవరిలో నేపాళమునందలి దామను అనుచోట, కేరళనుండి పోయిన యాత్రికు లెనిమిదిమంది గ్యాసు హీటరు పెట్టుకొని గది మూసికొని నిదురించి, 21వ తేదీ ఉదయమున లేవలేదు. అందు నలుగురు పిల్లలు.

ఇదంతయు నేను ఇంత వరుసగా చెప్పలేదు. చలిలో పండ్లు కొట్టుకొనుచు, కోపముతో చెప్పితిని. అత్తగారికి నా లెక్కలు రుచింపలేదు. "కుంపటి పెట్టి పదకొండు పురుళ్లు చేసినాను నేను. తలుపు మూసే పెట్టినాను. ఎవరు సచ్చినారమ్మా?" అనిరి.

బండిలో నెవరును పలుకలేదు. మూల గొంగళి కప్పుకొని కూర్చున్న చిన్నత్త కొంతసేపటికి నెమ్మదిగా, "మా పెద్దదాని మొదటి పురుడు మఱచిపోయినావా అక్కా?" అనెను.

ఆ కథ నాకు కాపురమునకు వచ్చిన నాటినుండి వేఱువిధముగా తెలియును. మార్గశిరమాసపు రాత్రి, తొమ్మిదవనాటి బాలింతరాలు, తెల్లవాఱి తలుపు తెఱచునప్పటికి తల్లి స్పృహ తప్పియున్నది, బిడ్డ ప్రాణము పోయియున్నది. గాలి సోకినదనిరి. మంత్రము వేయించిరి, తాయెత్తు కట్టించిరి. తల్లి బ్రదికినది గాని నెలవఱకు తలనొప్పితో బాధపడినదట. "బిడ్డ ముఖం ఎర్రగా, నిద్రపోయినట్లే ఉండె. అది గాలి కాదేమో అక్కా. కుంపటేనేమో" అని చిన్నత్త యనెను. ముప్పదియెనిమిదేండ్ల తరువాత ఆ మాట! అది కుంపటియే యని రూఢిగా చెప్పుటకు నేనెవతెను? అయినను మూసినగదిలోని బొగ్గులనిప్పు అదే విషమును, గ్యాసుమంటకంటె ఎక్కువగా, విడుచును. అత్తగారు చెల్లెలి చేయి పట్టుకొనిరి. డ్రైవరు స్టవ్వు దింపెను.

తరువాత చేసినది చెప్పెదను. బండి వెలుపల, రేకు చాటున, స్టవ్వుపై నీరు మరగించితిమి. రబ్బరుసంచులు రెండు, ఉక్కుసీసాలు ఆఱు నింపి, తువాళ్లు చుట్టి, ముసలివారి పాదములయొద్దను పిల్లల నడుమను ఉంచితిమి. రాగిజావ వేడివేడిగా త్రాగించితిమి. స్టవ్వు ఆఱ్పి, రెగ్యులేటరు తీసి, టోపీ పెట్టితిమి. కిటికీల అద్దములకు అట్టలు చెక్కి, ఎదురెదురుగా రెండింటిని మాత్రము నాలుగువ్రేళ్లమేర తెఱచియుంచితిమి. పైన కప్పుకొనుటకంటె క్రింద పఱచుకొనుట ముఖ్యమని ఆ రాత్రి తెలిసినది. మా ప్రాంతపు కురబలు నేసిన గొఱ్ఱెబొచ్చు గొంగళ్లు మూడు క్రింద పఱచి, ఇద్దఱిద్దఱము ఒక్క రగ్గులో ముడుచుకొంటిమి. సుఖముగా నిదురించితిమని చెప్పను. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఒకసారి లేచి సీసాలలో నీరు మార్చితిని. అందఱును లేచిరి.

బదరిలో ఆలయముక్రిందనే తప్తకుండము కలదు. భూమిలోనుండి వేడినీరు ఉబికి వచ్చును. స్త్రీలకు వేఱుగా మఱుగు కలదు. అత్తగారు అందు మెడవఱకు మునిగి, "పొయ్యంటే ఇదీ! దీనికి గొట్టమూ లేదు, బండా లేదు" అనిరి. నాతో పలికిన మొదటి ప్రియవాక్యమది. దర్శనము చక్కగా నయ్యెను. ప్రధానార్చకులైన రావల్ కేరళదేశపు నంబూద్రి బ్రాహ్మణులని మావారు చెప్పగా, వారు మాత్రము ఈ చలి నెట్లోర్చుచున్నారో యని చిన్నత్త జాలిపడెను.

తిరుగుదారిలో విశేషములు లేవు. జూను రెండవవారమున, వానచినుకైనను లేని బద్వేలిలో దిగితిమి. ఆ వేడిమి కూడ నాలుగుదినములు హాయిగానే యుండెను.

కార్తీకమున మా తోడికోడలి పెద్దకూతురు పురిటికి వచ్చినది. మగబిడ్డ. ఆసుపత్రినుండి తెచ్చిన సాయంకాలమే ఎప్పటివలె గది సిద్ధము చేసిరి. నేను పోవునప్పటికి కుంపటి మంచము క్రింద నున్నది, కిటికీ సందులలో గుడ్డలున్నవి. ఎట్లు మొదలుపెట్టుదునాయని సందేహించుచుండగా చిన్నత్త వాకిటిలో బస్సుదిగి వచ్చెను. సంచి క్రిందనైన పెట్టకుండ గదిలోనికి పోయి, ఒక్కొక గుడ్డను లాగివేయుచుండెను. అత్తగారు గడపయందు నిలిచి, "పసిబిడ్డకు చలిగాలి కొడుతుందే" అనిరి, కాని యడ్డుపడలేదు. కుంపటిని వరండాలోనికి తెచ్చి, దానిపై దుప్పట్లు, బిడ్డ టోపీలు వెచ్చచేసి లోపలికి అందించుటకు ఏర్పాటు చేసితిమి. కిటికీని నాలుగువ్రేళ్లమేర తెఱచి, కొట్టుకొనకుండ దారముతో కట్టితిమి. లాగివేసిన గుడ్డలను చాకలిసోడాతో ఉడికించి, ఎండలో ఆఱవేసి, పొత్తిగుడ్డలలో కలిపివేసితిమి.